ఒక చెంప, మూడు దెబ్బలు

టైం మిగల్చడానికి అమెరికావాళ్లు వాడుకలోకి తెచ్చిన, ఒకేసారి పలు కెమెరాలు తిప్పే పద్ధతితో టైం సాగదీయవచ్చని నిరూపించిన ఘనత మన హైదరాబాదు టీవీ సీరియళ్లది. ఇంత పని చేసి ఇన్నేళ్లయినా రవీంద్రభారతిలో ఒక సభ లేదు, ఒక శాలువా లేదు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ వ్యాసం.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. కెమెరాతో కథ చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకే కెమెరా పెట్టుకుని, ప్రతి షాటుకూ లైట్లు మార్చుకుంటూ, ముక్క ముక్కగా తీసి తర్వాత ఎడిటింగ్‌లో కలుపుకోవడం సినిమా దారి. మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి తిప్పుతూ సీనంతా ఏకబిగిన ఆడించేసి, ఏ క్షణంలో ఏ కెమెరా చూపించాలో ఎంచుకోవడం టీవీ దారి.

ఈ రెండో దారికి పేరు తెచ్చింది 1951లో అమెరికాలో మొదలైన టీవీ హాస్య సీరియల్ ‘ఐ లవ్ లూసీ’. స్పాన్సర్లేమో న్యూయార్క్ వచ్చి లైవ్‌లో ఆడమన్నారు. అందులో నటించే లూసిల్ బాల్, డెసి ఆర్నాజ్ దంపతులేమో కాలిఫోర్నియా వదిలి వచ్చేది లేదన్నారు. చివరికి ప్రేక్షకుల్ని ఎదురుగా కూర్చోబెట్టి, మూడు 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాలతో నాటకంలా తీశారు. కెమెరా బాధ్యత కార్ల్ ఫ్రాయిండ్‌ది. జర్మనీలో ‘మెట్రోపోలిస్’ సినిమాకు పనిచేసి, వెలుగునీడలతో మాయ చేసిన మనిషి. అంతటివాడికి ఇక్కడ అప్పజెప్పిన పని, నీడ పడకుండా చూడటం! ఎందుకంటే ఒక కెమెరాకు ముచ్చటగా కనిపించే నీడ పక్క కెమెరాకు ముఖం మీద మసిలా కనిపిస్తుంది. మూడింటికీ న్యాయం జరగాలంటే పైనుంచి అంతటా ఒకేలా వెలుగు కుమ్మరించాలి.

మన సీరియళ్లలో అర్ధరాత్రి పన్నెండు గంటలకు బెడ్‌రూంలో సూది పడినా కనిపించడం వెనక ఇంత చరిత్ర ఉంది. మణికొండలో రోజు అద్దెకు తీసుకున్న డూప్లెక్స్‌లో, అత్తగారు పట్టుచీర, కాసులపేరు, లిప్‌స్టిక్‌తో సహా గాఢనిద్రలో ఉంటారు. చూసి నవ్వేవాళ్లు అజ్ఞానులు. ఆవిడ ఏ క్షణాన దిగ్గున లేచి కుట్ర మొదలుపెడతారో, ఏ కెమెరా ఆ కనుబొమను ముందు పట్టుకుంటుందో ఎవరు చెప్పొచ్చారు? ముందుజాగ్రత్త అది.

ఇక మనవాళ్ల సొంత ఆవిష్కరణ దగ్గరికొద్దాం. మూడు కెమెరాలు తిప్పితే ప్రతి క్షణానికీ మూడు దృశ్యాలు వస్తాయి. విదేశీయులు ఒకటి ఉంచుకుని రెండు పారేస్తారు. మూడు కెమెరాలకూ అద్దె కట్టిన నిర్మాతకు ఎలా ఉంటుంది ప్రాణం? కాబట్టి మనం మూడూ వాడతాం, అదీ వరసగా. అత్త కోడల్ని చెంప మీద కొడుతుంది. ఎడమ నుంచి ఒకసారి. కుడి నుంచి ఒకసారి. పైనుంచి ఒకసారి. తర్వాత ఆడపడుచు తలతిప్పుతుంది, తోడికోడలు నోరు తెరుస్తుంది, మామగారు సోఫాలోంచి సగం లేచి ఆగిపోతారు. అప్పుడే వంటింట్లోంచి వస్తున్న పనిమనిషి చేతిలోని పళ్లెం జారుతుంది, దానికీ పాపం మూడు కోణాలూ దక్కుతాయి. సోమవారం లేచిన చెయ్యి బుధవారానికి చెంప చేరుతుంది. గురువారం మొదట్లో ‘జరిగిన కథ’ కింద ఇంకోసారి పడుతుంది. కొట్టింది ఒకసారి, కోడలికి నొప్పీ ఒకసారే. లాభం మాత్రం వారమంతా. ఇంత పొదుపు ఏ బిజినెస్ స్కూల్లోనైనా నేర్పుతారా?

సినిమావాళ్లు దీన్ని చూసి ముక్కు విరుస్తారు. ఒక్క కెమెరాతో తీసేదే కళ అంటారు. వారి కళను కూడా కాస్త దగ్గరగా చూద్దాం.

ఏదో స్టూడియోలో ప్రేమ సన్నివేశం. ముందు ఇద్దరూ కనిపించేలా మాస్టర్ షాటు. తర్వాత హీరోయిన్ క్లోజప్ కోసం లైట్లు జరుపుతారు, దానికి ఓ గంట. ఆ గంటలో హీరోగారి కాల్షీట్ అయిపోతుంది, కారవాన్ ఎక్కి వెళ్లిపోతారు. మరి హీరోయిన్ ఎవరిని చూసి ఏడవాలి? చిన్న వేషాలవాళ్లుండే కృష్ణానగర్ నుంచి అదే ఎత్తున్న మనిషిని పిలిపించి, హీరోగారి చొక్కా తొడిగించి, వీపు కెమెరా వైపు పెట్టి నిలబెడతారు. ఆయన చేయాల్సింది భుజం కదలకుండా ఉంచడం. హీరో డైలాగులు అసిస్టెంట్ డైరెక్టర్ చదువుతాడు, కరెంటు బిల్లు చదివినంత భావంతో. హీరోయిన్ ఆ భుజం మీంచి చూస్తూ వలవలా ఏడుస్తుంది. (నిజం చెప్పాలంటే చాలాసార్లు హీరో భుజం కన్నా ఆ భుజమే బాగుంటుంది.) రెండు వారాల తర్వాత హీరోగారు తీరిక చేసుకుని వస్తారు. అప్పటికి ఆమె ముంబైలో ఇంకో సినిమాలో ఉంటుంది. ఒక లైట్ స్టాండుకు ఆమె కళ్ల ఎత్తులో టేపు ముక్క అంటిస్తారు. ‘నువ్వు లేకపోతే నేను లేను’ అని ఆయన ఆ టేపు ముక్కకు మాటిస్తారు. హాల్లో జనం కళ్లు తుడుచుకుంటారు.

మూడు కెమెరాలు ఒకేసారి తిప్పే పద్ధతిలో ఈ ప్రేమ సాధ్యమేనా? ఇద్దరూ ఒకే రోజు, ఒకే గదిలో ఉండి తీరాలి. అందుకే అంటున్నాను, పరిశ్రమలో చాలామంది ఒకే కెమెరా వాడేది కళ కోసం కాదు, డేట్లు కుదరక.

ఆ ఒక్క కెమెరా నియమమైనా పాటిస్తారా అంటే అదీ లేదు. సుమో పేల్చే రోజు చూడండి, అన్ని మూలలా కెమెరాలే. జపాన్ దర్శకుడు కురొసావా కూడా 1954లో ‘సెవెన్ సమురాయ్’ వాన యుద్ధానికి ఒకటికి మించి కెమెరాలు వాడాడు. ఆ బురద, ఆ గుర్రాలు రెండోసారి అలాగే కుదరవని ఆయన లెక్క. మనవాళ్ల లెక్కా అదే. నటి ఎన్ని టేకులైనా ఏడవగలదు, సుమో ఒక్కసారే పేలగలదు. గౌరవం దేనికి దక్కాలో దానికే దక్కుతోంది.

నిజానికి ఈ ఊళ్లో పలు కెమెరాల విద్య సక్రమంగానే మొదలైంది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. రామంతాపూర్ స్టూడియోలో నాటకం జరుగుతుంటే కంట్రోల్ రూంలో ప్రొడ్యూసర్ మానిటర్లన్నీ చూస్తూ ‘టూ... టేక్’ అనేవారు, పక్కన మనిషి రెండో కెమెరా బటన్ నొక్కేవాడు. సగం సెకను ఆలస్యమైతే మాట ఒకరిది, ముఖం ఇంకొకరిది.

ఆ విద్య ఇప్పుడెక్కడుందని అడిగితే నాగోల్ వైపు ఏ ఫంక్షన్ హాలుకైనా వెళ్లండి. వేదిక పక్కన, బఫే కౌంటర్‌కు అడ్డంగా, వైర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో ఒక కుర్రాడు ఉంటాడు. చెవికి హెడ్‌ఫోన్, ముందు మిక్సింగ్ యూనిట్, తెర మీద నాలుగు చిన్న బొమ్మలు, పక్కన ఎప్పుడో చల్లారిపోయిన బిర్యానీ ప్లేటు. జీలకర్ర బెల్లం ముహూర్తం 9 గంటల 42 నిమిషాలకు. రీటేక్ లేదు. ‘టూ అన్నా, పెండ్లిపిల్ల వాళ్లమ్మ దిక్కు తిప్పు, ఏడుస్తున్నది’ అంటాడు. ఆ తల్లి కంట్లో నీళ్లు తిరగ్గానే కట్, తండ్రి ముఖం. అక్కడ రెండు సెకన్లు, మళ్లీ అమ్మాయి చేతులు. జిమ్మీ జిబ్ (పొడుగాటి క్రేన్ చివర కెమెరా) తిప్పే అబ్బాయి పొరపాటున ఖుబానీ కా మీఠా తింటున్న పెద్దాయన నోరు పట్టుకుంటే, అది ఎల్ఈడీ వాల్ మీదికి ఎక్కకముందే తప్పిస్తాడు. చూపించిందే మళ్లీ చూపించడు. డప్పు మోతలు కలపడు.

చాలా ప్రమాదకరమైన కుర్రాడు. ఇతన్ని సీరియల్‌కు తీసుకుంటే దెబ్బ ఒకసారి, ముఖం ఒకసారి చూపించి ముందుకెళ్లిపోతాడు. కథ సోమవారం మొదటి బ్రేక్‌కే తేలిపోతుంది. మంగళవారానికి అత్తాకోడళ్లు రాజీపడి కలిసి వడియాలు పెట్టుకుంటారు. మేకప్ వాళ్లు, లైట్‌మెన్, ప్రాంప్టింగ్ చెప్పేవాళ్లు, ఇంటి ఓనరు, అందరూ రోడ్డున పడతారు. కాబట్టి చానళ్ల యాజమాన్యాలకు విజ్ఞప్తి. అతను ఎప్పుడైనా ఉద్యోగానికి వస్తే ఒక్కటే ప్రశ్న అడగండి: చెంపదెబ్బ ఎన్నిసార్లు చూపిస్తావు? ఒకసారి అన్నాడో, వేడివేడి బిర్యానీ పెట్టించి గేటు దాకా దిగబెట్టి రండి.