ముందు నొప్పి తగ్గించండి, ఎక్స్‌రే తర్వాత తీయొచ్చు

కాలు విరిగి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వచ్చినవాడికి ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఓపీ చీటీ, పోలీసులకి పంపే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాత, స్ట్రెచర్ కోసం వెతుకులాట, ఎక్స్‌రే దగ్గర క్యూ. నొప్పి సూది ఎప్పుడో మధ్యలో పడుతుంది, అదీ వెంట వచ్చినవాళ్లు గొడవపడితే. బీపీ రాస్తారు, పల్స్ రాస్తారు. సున్నా నుంచి పదిలో నొప్పి ఎంతుందని అడిగి కేస్ షీట్లో రాసేవాళ్లు ఎంతమంది?

కడుపునొప్పి అయితే ఇంకా అన్యాయం. సర్జన్ చూసేదాకా మందు ఇవ్వకూడదట, ఇస్తే అసలు జబ్బు బయటపడదట. స్కానింగులు లేని రోజుల్లో చేత్తో పొట్ట నొక్కి చూసి తేల్చుకోవాల్సి వచ్చినప్పటి సూత్రం అది. నొప్పి తగ్గించినంత మాత్రాన రోగనిర్ధారణ తప్పడం లేదని ట్రయల్స్ తేల్చి చాలా ఏళ్లయింది. పక్క గదిలో సీటీ మెషిన్ పెట్టుకుని ఇంకా ఆ పాత పాటేనా?

నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటి మత్తు మందులు (ఓపియాయిడ్లు) అలవాటైపోతాయని, వాటికి బానిసలైన అమెరికా గతి చూడమని కొందరంటారు. భయం ఉత్తిదేం కాదు, 2018లో మన ప్రభుత్వం ట్రమడాల్ అనే నొప్పి మందుని కూడా మత్తు పదార్థాల నియంత్రణ చట్టం ఎన్‌డీపీఎస్ కిందకి తెచ్చింది. కానీ అందరికీ మార్ఫిన్ పొడవమని ఎవరన్నారు? అదే అమెరికాలో, న్యూయార్క్ ఎమర్జెన్సీల్లో చేతులు, కాళ్ల నొప్పులతో వచ్చిన 416 మంది మీద చేసిన ట్రయల్ 2017లో వచ్చింది. ఐబుప్రోఫెన్ 400, పారాసెటమాల్ 1000 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రెండు గంటల్లో ఓపియాయిడ్ కలిపిన మాత్రలతో సమానంగా పనిచేశాయి. మందుల షాపులో కొన్ని రూపాయలకి దొరికే బిళ్లలండీ ఇవి! కిడ్నీ రాయి నొప్పికి, కిడ్నీలు సరిగ్గా పనిచేసేవాళ్లకైతే, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మార్ఫిన్ కన్నా మేలని ఖతార్‌లో చేసిన పెద్ద ట్రయల్ చెప్పింది. తొడ ఎముక విరిగితే గజ్జల దగ్గర నరానికి మత్తిచ్చే బ్లాక్ ఉంది. ఇక మందులు లేవనే సాకు ఎక్కడ మిగిలింది?

మార్ఫిన్ నిజంగా కావాల్సిన కేసులూ ఉంటాయి, కాలిన గాయాల్లాంటివి. మార్ఫిన్ తీసే నల్లమందు మన దేశంలోనే పండుతుంది, ఘాజీపూర్, నీమచ్‌లలో సర్కారు ఫ్యాక్టరీలే ఉన్నాయి. 2014లో ఆ ఎన్‌డీపీఎస్ చట్టమే మార్చి లైసెన్సుల తలనొప్పి కూడా తగ్గించారు. అయినా ఆ రిజిస్టర్లు, లెక్కలు ఎందుకొచ్చిన గొడవలే అని దాని జోలికే వెళ్లని ఆసుపత్రులున్నాయి.

అసలు సంగతి వేరే. మన దగ్గర నొప్పిని నమ్మేది మనిషిని బట్టి. లేబర్ రూమ్‌లో అరిస్తే కసురుతారు, కూలివాడు రెండోసారి సూది అడిగితే నాటకమంటారు, అదే ఎమ్మెల్యే గారి బావమరిది అబ్బా అంటే డ్యూటీ డాక్టరే పరిగెత్తుకొస్తాడు. ఓర్చుకోమ్మా అని మనం చెప్పేది ఎప్పుడూ ఎదురు మాట్లాడలేనివాళ్లకే.

అందుకే నేనడిగేది కొత్త పథకం కాదు. క్యాజువాలిటీ రిజిస్టర్‌లో రెండు గళ్లు గీయండి, పేషెంట్ వచ్చిన టైమ్ ఒకటి, మొదటి నొప్పి మందు పడిన టైమ్ ఇంకొకటి. నెలాఖరు రివ్యూలో ఆ రెండింటి మధ్య తేడాని పేరుపేరునా చదవండి, ఎవరిని ఎంతసేపు ఏడిపించారో అక్కడే తేలుతుంది. దీనికి జీవో కూడా అక్కర్లేదు, సూపరింటెండెంట్ సంతకం చాలు.