వంతెన కింద సైకిలుకు చోటేది?

పొద్దున్నే తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక పది నిమిషాలు నిలబడితే చాలు. తలపైన శ్రీనివాస సేతు మీద యాత్రికుల కార్లు అలిపిరి వైపు జారిపోతుంటాయి. కింద, నైట్ డ్యూటీ ముగించుకున్న వాచ్‌మన్ ఒకాయన సైకిలు దిగి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి ఆటోలను ఆపుకుంటూ రోడ్డు దాటుతుంటాడు. క్యారియర్ మీద పాత ట్యూబుతో బిగించి కట్టిన టిఫిన్ బాక్సు.

టీటీడీ, స్మార్ట్ సిటీ నిధులతో 600 కోట్లకు పైగా ఖర్చు పెట్టి కట్టిన ఈ వంతెన 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరుచుకుంది. కొండకు పోయే బండ్లు ఊళ్లోకి దిగకుండా పైనుంచే పోతున్నాయి, మంచిదే. మరి వాటివల్ల కింద మిగిలిన రోడ్డు ఎవరికి దక్కింది? చాలాచోట్ల పార్కింగ్‌కు. నా అభ్యంతరం వంతెన మీద కాదు, ఆ మిగులు మీద.

తిరుపతి చిన్న ఊరు. కార్పొరేషన్ విస్తీర్ణం సుమారు 27 చదరపు కిలోమీటర్లు. రైల్వే స్టేషన్ నుంచి ఎస్వీ యూనివర్సిటీకి మూడు నాలుగు కిలోమీటర్లు, తాపీగా తొక్కినా ఇరవై నిమిషాలు. కానీ సైకిలంటే మనకు ఎన్నికల గుర్తో, ఆదివారం ఎక్సర్‌సైజో అయిపోయింది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల ట్రాక్ వేసి, పైన సోలార్ కప్పు కూడా పెట్టారు. చూడ్డానికి బాగుంది. దాని మీద పాలు పోసేవాడు, పూలు అమ్మేవాడు ఎక్కడికి పోతాడు?

'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. సైకిలిచ్చినవాళ్లు దారి ఇవ్వలేదు. లారీ పక్కన తొక్కాలంటే ఏ తల్లికైనా టెన్షనే.

'మన ఎండల్లో సైకిలేంటి సామీ' అంటారు. స్పెయిన్‌లోని సెవిల్‌లోనూ వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ 2006 తర్వాత కొద్ది ఏళ్లలోనే వంద కిలోమీటర్లకు పైగా సైకిలు దారులు వేశారు. వేలాది కార్ల పార్కింగ్ చోట్లు తీసేసి మరీ వేశారు. అసలు కిటుకు, ఆ దారులు మధ్యలో తెగిపోకుండా ఒకదానితో ఒకటి కలవడం. మన దగ్గర రంగు గీత గీస్తే, అది పానీపూరీ బండి దాకా వచ్చి ఆగిపోతుంది. తప్పు ఆ బండివాడిది కాదు, అతనికీ చోటు చూపించలేదు.

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. వంతెన స్తంభాల వెంట నీడ ఎలాగూ ఉంది. అక్కడ పార్కింగ్ ఎత్తేసి, మోకాలెత్తు గట్టు కట్టి, బస్టాండు, ఆస్పత్రులు, కాలేజీల దాకా దారి కలిపితే చాలు. కార్లున్నవాళ్లు గొడవ చేస్తారు. చేయనివ్వండి.

ఆ వాచ్‌మన్‌ను అడిగాను, "డ్యూటీలో సైకిలెక్కడ పెడతావన్నా?" అని. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్లకు నంబర్లేసిన చోట్లున్నాయట. తన సైకిలును జనరేటర్ వెనక కమ్మీకి గొలుసేసి కడతాడట. "చుట్టాలెవరన్నా వస్తే దాన్నీ తీసెయ్యమంటారు సార్" అన్నాడు.