సందేహం మంచిదే, పరీక్ష కూడా పెట్టాలి

భూమి వేడెక్కడం సహజమేనని, అంతా సూర్యుడి వల్లేనని, మనుషుల పాత్ర లేదని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నట్టు వాతావరణ మార్పు మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. సందేహించడం తప్పని నేను అనను. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాను. ఎవరు ఏ మందు చెప్పినా నీళ్లు టెస్ట్ చేయించాకే చల్లుతాను.

కానీ ఈ సందేహానికీ టెస్ట్ జరిగింది కదండీ. సూర్యుడి నుంచి వచ్చే శక్తిని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. పదకొండేళ్ల చక్రంలో కాస్త పెరగడం, తగ్గడం తప్ప పెరుగుతూ పోయిందేమీ లేదు. పైగా, ఎండే కారణమైతే స్ట్రాటోస్ఫియర్, అంటే మేఘాల కన్నా పైనుండే గాలి పొర, కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది! వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది.

అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ కూడా మొదట భూమి వేడెక్కుతోందన్న లెక్కలను అనుమానించినాయనే. సొంతంగా టీమ్ పెట్టి మళ్లీ లెక్క వేసి, దాదాపు పూర్తిగా మనుషులే కారణమని 2012లో ఒప్పుకున్నారు. సందేహమంటే అలా ఉండాలి.

మొన్న మేలో తెల్లవారుజామున మూడింటికి టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టువారన పైకి తేలి ఉన్నాయి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. పరుగెత్తి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఇంకో రెండు వేశాం. ఆ ఒక్క రాత్రిని చూపించి వాతావరణ మార్పు అని నేను వాదించను, దానికి ఏళ్ల లెక్కలు కావాలి. ఆ లెక్కలు ఉన్నాయి. దయచేసి ముల్లర్ సంగతి కూడా వ్యాసంలో చేర్చండి.