ఆరో తరగతి ఇంగ్లీషు పీరియడ్ దండగ అన్న మాటకు సమాధానం

ఈ జూన్‌లో బడులు తెరిచిన దగ్గర నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. హైస్కూల్లో మొదటి ఏడాది, అంటే ఆరో తరగతిలో, ఇంగ్లీషు పీరియడ్ పూర్తిగా దండగ అన్నది దాని సారాంశం. గ్రామర్ చెప్పరని, కథలూ పద్యాలూ చదివించి కాలక్షేపం చేస్తారని, మాస్టార్లు సగం తెలుగులోనే మాట్లాడతారని, పిల్లలు తప్పులు రాసినా వదిలేస్తారని, కాబట్టి ఇంటి దగ్గర పన్నెండు టెన్సులూ ఐదు వందల మాటలూ బట్టీ పట్టిస్తే సరిపోతుందని అందులో ఉంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో చాలా ఏళ్లుగా ఆరో తరగతికి ఇంగ్లీషు చెబుతున్న నాకు ఈ సందేశాన్ని పిల్లల తల్లిదండ్రులే పంపి, ఇది నిజమేనా అని అడిగారు. ఆ తరగతి గదిలో నిజంగా జరిగేదేమిటో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

గ్రామర్ చెప్పరన్న మాటతో మొదలుపెడతాను. నిర్వచనాలు బోర్డు మీద రాసి నోట్సులో ఎక్కించుకోమనడమే గ్రామర్ అయితే, ఆ పని తక్కువే జరుగుతుంది. కానీ వ్యాకరణం అంటే వాక్యం కట్టే తీరు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే నిలబడుతుంది. ‘బల్ల మీద’ అన్నప్పుడు మనకు ‘మీద’ తరువాత వస్తుంది, ‘ఆన్ ద టేబుల్’ అన్నప్పుడు అది ముందుకు పోతుంది. మనం వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని క్రియ చివరనే మనిషిని గుర్తుపడతాం. ఇంగ్లీషులో అందరికీ ‘కేమ్’ ఒక్కటే, అందుకే హి, షి, దే అన్న మాటల్లో ఏదో ఒకటి వాడక తప్పదు. తెలుగు పిల్లవాడు వాటిని మింగేసి నేరుగా ‘కేమ్ టు స్కూల్’ అని రాయడానికి కారణం అజాగ్రత్త కాదు, అతని మాతృభాషలో ఆ అవసరం లేకపోవడం.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది ప్రశ్న అడగడం. ‘నువ్వు వచ్చావు’ను ప్రశ్నగా మార్చాలంటే తెలుగులో చివర ఒక దీర్ఘం చాలు, ‘నువ్వు వచ్చావా’ అయిపోతుంది. ఇంగ్లీషులో ‘డిడ్’ అనే మాటను తెచ్చి ముందు పెట్టాలి, పెట్టగానే ‘కేమ్’ కాస్తా తిరిగి ‘కమ్’ కావాలి. భూతకాలం ఒక మాట నుంచి మరో మాటలోకి మారిందని పదకొండేళ్ల పిల్లకు అర్థం కావడం చిన్న విషయం కాదు. ‘డిడ్ యు కేమ్’ అని రాసిన పిల్ల ‘డిడ్ యు కమ్’ అని తానే దిద్దుకునే దాకా వారాల తరబడి ఒకరినొకరు ప్రశ్నలు అడిగించే ఆటలు ఆడిస్తాం. బయట నుంచి చూసేవారికి అది ఆటలాగే కనిపిస్తుంది. ఆ పీరియడ్‌లో జరుగుతున్నది గ్రామరే. పన్నెండు టెన్సుల పట్టిక విషయానికి వస్తే, అందులో చివరి గడిలో ఉండే ఫ్యూచర్ పర్‌ఫెక్ట్ కంటిన్యువస్ ఈ వయసు పిల్లలు చదివే పాఠాల్లో దాదాపు కనిపించదు. రోజువారీ అలవాటు చెప్పే వాక్యం, ఇప్పుడు జరుగుతున్నది చెప్పే వాక్యం, జరిగిపోయినది చెప్పే వాక్యం తడబడకుండా రాయగలిగితే ఆ ఏడాది చాలా బాగా గడిచినట్టే.

కథలు కాలక్షేపం అన్న ఆరోపణ నన్ను ఎక్కువ బాధించింది, ఎందుకంటే ఆ ఏడాది చదువుకు అసలైన ఆధారం అవే. కథ జరిగిపోయిన సంగతి చెబుతుంది కాబట్టి గో-వెంట్, సీ-సా, టేక్-టుక్ వంటి దారితప్పిన క్రియలన్నీ పిల్లలకు అక్కడే మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. పట్టికలో చూసిన మాట మరుసటి వారానికి జారిపోతుంది, ‘ముసలివాడు తలుపు తీసి ఏం చూశాడు’ అన్న ఆత్రంలో పట్టుకున్న మాట నిలుస్తుంది. తెలియని మాట వచ్చినప్పుడు వెంటనే అర్థం చెప్పం. ముందు వెనక వాక్యాలను బట్టి ఊహించమంటాం, తరువాత డిక్షనరీ తీసి ఊహ సరైందో కాదో చూడమంటాం. పాత్ర చెప్పని ఉద్దేశాన్ని పసిగట్టడం, తరువాత ఏం జరుగుతుందో అంచనా వేయడం, ఆ అంచనాకు పాఠంలోని ఏ వాక్యం ఆధారమో చూపించడం కూడా ఆ పాఠంలోనే నేర్చుకుంటారు. రేపు సైన్సు పుస్తకం ఇంగ్లీషులో చదవాల్సిన పిల్లలకు ఇంతకంటే అవసరమైన విద్య ఏముంటుంది?

పద్యాల ప్రయోజనం వేరు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక మన నోట బస్ ‘బస్సు’ అవుతుంది, బుక్ ‘బుక్కు’ అవుతుంది. ప్రాస కలిసే ఇంగ్లీషు పాదాలను గొంతెత్తి చదివినప్పుడు మాట హల్లు దగ్గర ఆగడం అలవాటవుతుంది. మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలకాలో కూడా అక్కడే పట్టుబడుతుంది: ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి భాగం మీద పడే ఊనిక ‘ఫొటోగ్రఫర్’కు వచ్చేసరికి రెండో భాగం మీదికి మారుతుంది. తెలుగులో రాసినట్టే చదువుతాం. ఇంగ్లీషులో 26 అక్షరాలు సుమారు 44 ధ్వనుల భారం మోస్తాయి. ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాల గుంపు ‘త్రూ’లో ఒకలా, ‘దో’లో మరొకలా, ‘కాఫ్’లో ఇంకొకలా పలుకుతుంది. వింటూ చదివితేనే ఇది వంటబడుతుంది.

మాస్టారు తెలుగు వాడతారన్నది నిజం, అది తప్పు మాత్రం కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర అనే గిరిజన తెగ పిల్లలకు చదువు చెప్పాలని ముందు తానే సవర భాష నేర్చుకున్నారు, వారి భాషలో పుస్తకాలు రాసి బడులు నడిపారు. తెలిసిన భాష మీదుగానే తెలియనిదానికి దారి వేయాలన్న ఆ మాట మన నేల మీద రుజువైనదే. 2020-21 నుంచి మన రాష్ట్రంలో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చినదీ ఇదే ఆలోచనతో. అయితే ప్రతి వాక్యాన్నీ వెంటనే తెలుగులోకి మార్చి చెప్పే టీచర్లు ఉన్నారని ఒప్పుకోవాలి. అలా చేస్తే పిల్లలు ఇంగ్లీషు వాక్యం వినడం మానేసి తెలుగు కోసం ఎదురు చూస్తారు. తల్లిదండ్రులు అడగవలసినది ఆ లోపం గురించి.

ఇక తప్పులు. గత ఏడాది విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం, అంటే పొడవాటి మాను చివర పూజారి కూర్చుని ఊరేగే జాతర, గురించి రాయమంటే ఒక పాప ‘ద ప్రీస్ట్ సిట్టెడ్ ఆన్ ద సిరిమాను’ అని రాసింది. అది ‘సాట్’ కావాలి. కానీ చూడండి, ఆ పాప తాను ఎక్కడా వినని మాట రాసింది: జరిగిపోయినదానికి చివర ‘ఎడ్’ చేరుతుందన్న సూత్రాన్ని తనంతట తాను పట్టుకుని, చేరకూడని చోట చేర్చింది. నేర్చుకుంటున్నదనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. ఎర్ర సిరాతో పేజీ అంతా కొట్టేస్తే ఆ పాప మరోసారి సిరిమాను గురించి రాయదు, నాలుగు ముక్కల్లో ముగిస్తుంది. అందుకే ఒక వారం క్రియలే దిద్దుతాం, మరో వారం పెద్దక్షరాలూ చుక్కలూ దిద్దుతాం. దిద్దని తప్పును చూడలేదని అర్థం కాదు.

ఐదు వందల మాటల జాబితా గురించి ఒక్క ఉదాహరణ చాలు. ఇల్లు కడతాం, చీర కడతాం, ఫీజు కడతాం, ఆవును కడతాం. తెలుగులో ఒకే మాట; ఇంగ్లీషులో బిల్డ్, వేర్, పే, టై అని నాలుగు. ‘కట్టు అంటే టై’ అని బట్టీ పట్టిన పిల్లవాడు ‘మై ఫాదర్ టైడ్ ద ఫీజ్’ అని రాసే ప్రమాదం ఉంది. మాట దాని పక్క మాటతో కలిసే మనసులో చేరాలి, అలా చేరేది వాక్యాల్లోనే.

ఆ సందేశం ప్రస్తావించని అసలు కష్టం ఒకటుంది. ఆరో తరగతిలోకి వచ్చేవారిలో కొందరు ఇంగ్లీషు అక్షరాలు ఇంకా కూడబలుక్కుంటూనే ఉంటారు, పైగా అదే ఏడాది వారికి హిందీ కూడా కొత్తగా మొదలవుతుంది. వారికి మొదటి వారాలన్నీ చదవడం మీదే పెట్టాలి, తరగతి పెద్దదైతే అది ఒక్క టీచరు వల్ల అయ్యే పని కాదు. మీ పిల్లల పరిస్థితి తెలుసుకోవాలంటే పాఠంలోని కథను తెలుగులో చెప్పమనండి, తరువాత అందులో నచ్చిన ఒక పేరా ఇంగ్లీషులో పైకి చదవమనండి. కథ చెప్పి పేరా చదవలేకపోతే అక్షరాల దగ్గర సాయం కావాలి. పేరా గడగడా చదివి కథ చెప్పలేకపోతే అర్థం దగ్గర కావాలి. ఆ రెండింటిలో ఏదో చెబితే, బడిలో నేను ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుస్తుంది.