“1 వేసి ఆపేయండి” మెసేజ్‌లో ఉన్నవన్నీ తప్పులే

ఐర్లాండ్‌లో ఓటర్లు అభ్యర్థుల పేర్ల పక్కన తమకు నచ్చిన వరుసలో 1, 2, 3 అని నంబర్లు వేస్తారు. ఇక్కడి కౌంటీ కౌన్సిల్ (స్థానిక సంస్థల) ఎన్నికల మాట రాగానే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: మన మనిషి పేరు పక్కన 1 వేసి ఆపేయండి. 2, 3 కూడా వేస్తే ఆ ఓట్లు వేరేవాళ్లకు పోయి మన మనిషే ఓడిపోతాడు. 2, 3 వేసేవాళ్లకు ఒక్కొక్కరికి రెండు మూడు ఓట్లు లెక్కపడుతున్నాయి, అదే ఇక్కడి మోసం. గిట్టనివాళ్లకు చివరి నంబర్ వేస్తే వాళ్ల ఓట్లు తగ్గుతాయి. ఇండియన్ పాస్‌పోర్టుతో ఓటు వేస్తే ముందుముందు ఇబ్బంది. ఒకే ఏరియాలో మనవాళ్లు ఇద్దరు నిలబడితే ఓట్లు చీలి ఇద్దరూ పోతారు.

2024 జూన్ 7న ఇక్కడి 31 కౌన్సిళ్లలో 949 సీట్లకు ఎన్నికలు జరిగాయి. మళ్లీ జరిగేది 2029లో. అప్పటిదాకా ఈ మెసేజ్ చేతులు మారుతూనే ఉంటుంది కాబట్టి ఇప్పుడే జవాబు రాస్తున్నాను.

మొదట 2 వేస్తే 1కి దెబ్బ అన్న మాట. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. అపార్ట్‌మెంట్ కమిటీ ఎన్నికల్లో ఐదు పోస్టులుంటే ఒక్కొక్కరికి ఐదు ఓట్లు ఇస్తారు. అక్కడ మీరు ఐదుగురికీ వేస్తే మిగతా నలుగురూ మీ మనిషికి పోటీ అవుతారు. ఒక్కడికే వేసి ఊరుకుంటే అతనికి లాభం. ఆ లెక్క అక్కడ సరైనదే. కానీ ఐర్లాండ్‌లో మీకున్నది ఒకే ఓటు. ఆ ఓటు ముందు 1 వేసినవారి దగ్గరే ఉంటుంది. ఆ అభ్యర్థి గెలిచారనో, అందరికంటే తక్కువ ఓట్లతో పోటీ నుంచి తొలగిపోయారనో (ఎలిమినేట్ అయ్యారనో) తేలేవరకు మీరు వేసిన 2 వైపు ఎవరూ చూడరు. ఎవరి సంగతి అప్పటికే తేలిపోయిందో వాళ్లకు ఆ 2 వల్ల నష్టం ఎలా వస్తుంది?

ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగు సీట్లున్న ఏరియాలో చెల్లిన ఓట్లు 10,000 అనుకోండి. సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి, దానితో మొత్తం ఓట్లను భాగించి, మళ్లీ ఒకటి కలిపితే కోటా, అంటే గెలవడానికి కావలసిన ఓట్ల సంఖ్య, వస్తుంది. అంటే ఇక్కడ 2,001. ఒక అభ్యర్థికి మొదటి ప్రాధాన్య ఓట్లే 2,601 వచ్చాయి. ఆమె గెలిచింది. గెలవడానికి అక్కర్లేని 600 ఓట్లు మిగిలాయి. అప్పుడు ఆమె కట్టలోని 2,601 కాగితాలూ తీసి, తర్వాతి నంబర్ ఎవరికి ఉందో చూసి వేరు చేస్తారు. వాటిలో 201 కాగితాల మీద 1 తప్ప మరేమీ లేదు. మిగిలిన 2,400లో సగం, అంటే 1,200 మంది ఒకే అభ్యర్థికి 2 వేశారు. కాబట్టి 600లో సగం, 300 కాగితాలు ఆ అభ్యర్థికి చేరతాయి.

ఆ 201 మంది సంగతి చూడండి. వాళ్లు ఆపేసినందువల్ల వాళ్ల అభ్యర్థికి ఒక్క ఓటు కూడా అదనంగా రాలేదు. ఆమె ఎలాగూ గెలిచింది. కానీ మిగులు ఓట్లు ఎటు పోవాలో చెప్పే అవకాశం మాత్రం వాళ్లు పక్కవాళ్లకు వదిలేశారు. అభ్యర్థి ఓడిపోయి ఎలిమినేట్ అయితే ఇంకా అన్యాయం: 2 ఉన్న కాగితం ముందుకు వెళ్తుంది, లేని కాగితం అక్కడితో ఆగిపోతుంది. ఇలా ఆగిపోయిన కాగితాలు పెరిగేకొద్దీ చివరి సీటు చాలాసార్లు కోటా చేరకుండానే ఎవరికో ఒకరికి దక్కుతుంది. అక్కడ గెలుపు ఓటములకు తేడా కొద్ది ఓట్లే అయినప్పుడు, ఆగిపోయిన ఆ కాగితాలే ఫలితాన్ని మార్చి ఉండేవి.

ఈ పద్ధతిలో లోపం అసలే లేదని నేను అనను. ఉంది. పై ఉదాహరణలో ఏ 300 కాగితాలు కదులుతాయి అంటే, ఆ అభ్యర్థికి 2 ఉన్న 1,200 కాగితాల కట్టలో పైనున్నవి తీసి ఇస్తారు. వాటి మీద మూడో నంబర్ ఎవరికి ఉందన్నది కొంత అదృష్టమే. మన రాజ్యసభ ఎన్నికల్లో ఒక్కో ఓటుకు 100 విలువ కట్టి భాగాలుగా పంచడం ఇంతకంటే మెరుగైన ఏర్పాటు అని నా అభిప్రాయం. విమర్శించదలచుకుంటే అసలు విషయం ఇది. మెసేజ్‌లో దీని ఊసే లేదు.

రెండు మూడు ఓట్లు పడుతున్నాయన్న ఆరోపణ తెలుగువాళ్లు నమ్మడమే నాకు ఆశ్చర్యం. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మనం చూసే ప్రాధాన్య ఓటు ఇదే కుటుంబంలోది. 2021లో హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ స్థానంలో 93 మంది పోటీ చేస్తే మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ గట్టెక్కలేదు. కిందివాళ్లను ఎలిమినేట్ చేస్తూ, వాళ్ల కాగితాల మీది తర్వాతి ప్రాధాన్యాలు కలుపుతూ పోతేగానీ సురభి వాణీదేవి గెలుపు ఖాయం కాలేదు. అక్కడ ఎవరికైనా రెండు ఓట్లు పడ్డాయని అన్నామా? కాగితం ఒకటే. ఒక కట్టలోంచి తీసి మరో కట్టలో పెడతారు. రెండు కట్టల్లో ఒకేసారి ఉండదు. తేడా ఏమిటంటే అక్కడ ఒకే సీటు, ఇక్కడ ఒక ఏరియాకు మూడు నుంచి ఏడు సీట్లు. అందుకే ఇక్కడ ఫలితం దామాషాకు, అంటే వచ్చిన ఓట్లకు తగ్గ సీట్లకు, దగ్గరగా వస్తుంది.

నమ్మకం కుదరకపోతే కౌంటింగ్ హాలులో ఏం జరుగుతుందో చూడండి. పెట్టెలు విప్పగానే సిబ్బంది కాగితాలను ముఖం కనిపించేలా పరుస్తారు. అడ్డుకట్ట ఇవతల పార్టీల మనుషులు పెన్సిలు, అభ్యర్థుల పేర్లున్న షీటు పట్టుకుని, ఒక్కో కాగితం మీద 1 ఎవరికుందో చూసి గీతలు గీసుకుంటారు. టాలీ అంటారు దాన్ని. అధికారికంగా మొదటి కౌంట్ ప్రకటించకముందే ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎంతో వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది. పోటీ పార్టీలవాళ్లే ఆ లెక్కలు ఒకరితో ఒకరు పంచుకుంటారు. ఒక కాగితాన్ని రెండుసార్లు లెక్కపెడితే ఇంతమంది కళ్లు కప్పడం సాధ్యం కాదు.

చివరి నంబర్‌తో ఎవరి ఓట్లూ తగ్గవు. ఈ పద్ధతిలో తీసివేత లేదు. పైగా, చాలామందిని ఖాళీగా వదిలి గిట్టని మనిషికి ఏ 5వ నంబరో వేస్తే, మీ మొదటి నలుగురి సంగతి తేలిపోయాక మీ ఓటు నేరుగా ఆ మనిషికే వెళ్లొచ్చు. గిట్టకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి.

పాస్‌పోర్టు గురించి పెట్టిన భయం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. 18 ఏళ్లు నిండి, ఇక్కడ నివాసముంటూ, ఓటరు జాబితాలో పేరున్నవారు ఎవరైనా స్థానిక ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. ఏ దేశ పౌరులన్నది అడ్డు కాదు. 1963 చట్టం నుంచీ ఇదే పద్ధతి. జాబితాలో మన పేరు పక్కన ఎల్ అనే అక్షరం ఉంటుంది, అంటే స్థానిక ఎన్నికలకు మాత్రమే అర్హత అని అర్థం. పార్లమెంటు దిగువసభ డాయిల్‌కు, అధ్యక్ష ఎన్నికకు మనకు ఓటు లేదు, అది నిజం. ఇక్కడ ఓటు వేసినంత మాత్రాన భారత పౌరసత్వం పోదు. మరో దేశ పౌరసత్వం తీసుకుంటే పోతుంది. ఈ రెంటినీ కలిపేసి భయపెట్టడం వల్ల, ఇంటి అద్దె దగ్గర్నుంచి బడి సీటు దాకా ఇక్కడి కష్టాలన్నీ పడుతున్న కుటుంబాలు తమకున్న ఒక్క ఓటునూ వదులుకుంటున్నాయి. కేరళలో పుట్టిన బేబీ పెరెప్పాడన్ 2024లో సౌత్ డబ్లిన్ కౌంటీ మేయర్ అయ్యారు. వలస వచ్చినవాళ్ల ఓటుకు ఇక్కడ విలువ లేదనడానికి వీల్లేదు.

ఇక ఓట్ల చీలిక. పెద్ద పార్టీలు ఫియన్నా ఫాయిల్, ఫినే గేల్ ఒకే ఏరియాలో తమవాళ్లను ఇద్దరు ముగ్గురిని నిలబెడతాయి. ఈ వీధులవాళ్లు ఈయనకు 1, ఆమెకు 2 వేయండి, ఆ వీధులవాళ్లు ఆమెకు 1, ఈయనకు 2 వేయండి అని కరపత్రాలు పంచుతాయి. ఇద్దరిలో ఒకరు ఎలిమినేట్ అయితే ఆ కాగితాల్లో చాలా భాగం రెండోవారికి చేరతాయని వాళ్లకు తెలుసు. మనవాళ్లు ఇద్దరు నిలబడినా అంతే, మనం 2 వేసి ఉంటే. ఒకరికి 1 వేసి ఆపేస్తే మాత్రం ఎలిమినేట్ అయినవారి ఓట్లు అక్కడే ఆగిపోతాయి, ఓట్లు నిజంగానే చీలిపోతాయి. ఆ చీలిక తెచ్చేది ఇద్దరు నిలబడటం కాదు, ఈ మెసేజ్ ఇచ్చే సలహాయే.