నవంబరు వానను సగటుతో కొలిస్తే తెలిసేది తక్కువే

ప్రతి నెలా ముగియగానే జిల్లా వర్షపాతం లెక్క పత్రికల్లో వస్తుంది. కురవాల్సింది ఇంత, కురిసింది ఇంత, తేడా ఇంత శాతం. తేడా 19 శాతం లోపు ఉంటే, ఎక్కువైనా తక్కువైనా, వాతావరణ శాఖ పద్ధతిలో అది 'సాధారణం'. 20 నుంచి 59 శాతం దాకా తగ్గితే లోటు, అంతకన్నా తగ్గితే తీవ్రమైన లోటు. చాలా ప్రాంతాలకు, చాలా నెలలకు ఈ కొలత సరిపోతుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నవంబరుకు సరిపోదు. ఆ ఒక్క శాతాన్ని చూసి ఈ ఏడు వానలు బాగున్నాయనో, మోసం చేశాయనో తీర్పు చెప్పడం మానుకోవాలన్నదే నా వాదన.

రాష్ట్రంలో చాలా జిల్లాలు ప్రధానంగా నైరుతి రుతుపవనాల మీదే బతుకుతాయి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వాన, జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే దానికి ఇంచుమించు సాటి వస్తుంది. పైగా అది రోజూ వరస తప్పకుండా కురిసేది కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టాలి, బలపడాలి, సరైన చోట తీరం దాటాలి. చెన్నై పరిసరాల్లో దాటితే మనకు కుండపోత. బాగా దక్షిణాన నాగపట్నం వైపు వెళ్లిపోతే తుంపరతో సరి. అంటే నెల మొత్తం వాన రెండు మూడు వాయుగుండాల దారి మీద ఆధారపడి ఉంటుంది. వాతావరణ శాఖ అంచనాలే ఈ సంగతి చెబుతున్నాయి. దేశం మొత్తానికి నైరుతి వానలు దీర్ఘకాలిక సగటులో 96 నుంచి 104 శాతం మధ్య ఉంటేనే సాధారణం అంటారు. దక్షిణాదిలో ఈశాన్య వానలకు వచ్చేసరికి ఆ హద్దులు 88 నుంచి 112 శాతం దాకా విస్తరిస్తాయి. ఇంత ఒడిదుడుకులున్న వానను ఒక్క సగటుకు కట్టేయడం కుదరదు.

చెన్నైని ముంచెత్తిన 2015 గుర్తుండే ఉంటుంది. ఆ నవంబరు చిత్తూరు జిల్లా చెరువులనూ నింపి, తెంపింది. మరుసటి ఏడాది, 2016లో, ఈశాన్య రుతుపవనాలు దక్షిణాది అంతటా ఘోరంగా విఫలమయ్యాయి. ఈ రెండేళ్లనూ కలిపి సగం చేస్తే మధ్యరకం నవంబరు ఒకటి కాగితం మీద కనిపిస్తుంది. అలాంటి నవంబరును ఆ రెండేళ్లలో ఏ రైతూ చూడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఊహించిన అంకెలే తీసుకుందాం. అయిదేళ్ల నవంబరు వానలు వరసగా 60, 80, 110, 150, 600 మిల్లీమీటర్లు అనుకుంటే సగటు 200. అయిదింట నాలుగేళ్లు సగటు కన్నా తక్కువే, అంటే నాలుగేళ్లూ లోటే. ఒక్క ముంపు ఏడాది సగటును పైకి లాగేసింది. అదే ఏళ్లను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి నడుమ ఉన్నదాన్ని, అంటే మధ్యగతాన్ని తీసుకుంటే 110. మామూలు నవంబరు ఎలా ఉంటుందో చెప్పేది ఈ రెండో అంకె. తుపాను వానలు లెక్కలో కలిసే మనలాంటి ప్రాంతాల్లో సగటు పక్కన మధ్యగతం ఇవ్వకపోతే, చాలా ఏళ్లు ఉన్నదానికన్నా ఎక్కువ లోటుగా కనిపిస్తాయి.

వాన ఎంత కురిసిందన్నది ఎంత ముఖ్యమో, ఎలా కురిసిందన్నదీ అంతే ముఖ్యం. 210 మిల్లీమీటర్లు పది రోజుల ముసురుగా పడితే నేల తాగుతుంది, బావుల్లో ఊట పెరుగుతుంది. అదే 210లో 180 ఒక్క రోజులో పడితే అది 'అతి భారీ వర్షం' కోవలోకి వస్తుంది. ఆ నీటిలో ఎక్కువ భాగం వంకల వెంట స్వర్ణముఖిలో కలిసి సముద్రానికి పోతుంది. నెలాఖరు పట్టికలో మాత్రం రెండింటికీ ఒకే శాతం.

2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతి ఈ రెండో రకం వానను చూసింది. వాయుగుండం చెన్నైకి సమీపంలో తీరం దాటే వేళకు శేషాచలం కొండల మీద నుంచి నీరు ఒక్కసారిగా నగరంలోకి దిగింది. శ్రీవారి మెట్టు నడకదారి కొట్టుకుపోయి నెలల తరబడి మూతపడింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడింది. కింది ఊళ్ల జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ కట్ట తెగుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ రాత్రులు గడిపిన వారికి, ఆ నెల సాధారణం కన్నా ఎన్ని శాతం ఎక్కువ కురిసిందన్న లెక్క దేనికి పనికొస్తుంది? ఒక్క రాత్రిలో ఎంత పడితే తమ చెరువు నిండి మరవ (మిగులు నీరు పోయే దారి) పారుతుందో, ఎంత పడితే కట్టకు ప్రమాదమో ముందే తెలిసి ఉంటే వారికి అక్కరకు వచ్చేది.

నెల హద్దు కూడా మనం అనుకున్నంత కచ్చితమైంది కాదు. వర్షమాపకంలోని నీటిని ఉదయం 8.30కు కొలుస్తారు. అంతకు ముందు 24 గంటల్లో పడిందంతా కొలిచిన రోజు తేదీ కింద రాస్తారు. ఫెంగల్ తుపాను 2024 నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఈ పద్ధతి ప్రకారం నవంబరు 30 పగలంతా, రాత్రంతా పడిన వాన డిసెంబరు 1 ఖాతాలోకి వెళ్తుంది. వాన ఫలితాలూ నెలతో ముగిసిపోవు. 2021 నవంబరంతా నానిన కొండ, డిసెంబరు 1న తిరుమల ఘాట్ రోడ్డు మీద బండరాళ్లుగా విరిగిపడింది.

స్థలం సంగతీ ఇంతే. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఒకటే సగటు చెప్పుకునే రోజుల్లో, చెన్నై పక్కనున్న సత్యవేడునూ పీఠభూమి మీదున్న కుప్పాన్నీ ఒకే గాటన కట్టేవాళ్లం. ఈశాన్య వానలు తూర్పున దండిగా పడతాయి, పడమటికి పోయేకొద్దీ పలచబడతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించాక కూడా ఈ చిక్కు తీరలేదు. తిరుపతి జిల్లాలో పులికాట్ ఒడ్డున ఉన్న సూళ్లూరుపేట ఉంది, కొండల చాటున ఉన్న చంద్రగిరీ ఉంది. సూళ్లూరుపేటలో పడిన తుపాను వాన, చంద్రగిరి రైతు లోటును పట్టికలో పూడ్చేస్తుంది.

పైరు దగ్గర చూస్తే ఇంకా స్పష్టం. ఖరీఫ్ వేరుశనగ పీకే సమయానికి ముసురు పడితే కాయలు నేలలోనే మొలకెత్తుతాయి, కట్టె నల్లబడి పశువుల మేతకూ పనికిరాదు. అదే వాన రబీ దుక్కికి పదును. మామిడికి పూతకు ముందు కొన్ని వారాల పొడి వాతావరణం కావాలి. నవంబరు, డిసెంబరుల్లో వాన వదలకపోతే తోతాపురి చెట్టు పూతకు బదులు చిగురు వేస్తుంది, పూత ఆలస్యమవుతుంది. మన రైతులు విశాఖ కార్తెలో ఎంత పడింది, అనూరాధలో ఎంత పడింది అని గుర్తుపెట్టుకుంటారు. ఒక్కో కార్తె దాదాపు రెండు వారాలు. నెలవారీ సగటు కన్నా ఆ లెక్క పొలానికి దగ్గరగా ఉంటుంది.

సగటు ఎక్కడా పనికిరాదని నేననడం లేదు. ఎండలకు అది బాగా పనిచేస్తుంది. తిరుపతిలో మే నెల గరిష్ఠ ఉష్ణోగ్రత ఏటా 40 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, దానికి నాలుగున్నర డిగ్రీలు పైకి పోతే వడగాలి అని నిర్ధారించడంలో అర్థం ఉంది.

వానకు కావలసిన సమాచారం కొత్తగా సేకరించాల్సింది కూడా కాదు. మండలాల్లో రోజువారీ వాన కొలతలు ఇప్పటికే తీస్తున్నారు. కరువు మండలాలను తేల్చేటప్పుడు వానకూ వానకూ మధ్య వచ్చే ఎండు విరామాన్నీ చూస్తున్నారు. జనం ముందు పెట్టేటప్పుడు మాత్రం శాతం ఒక్కటే మిగులుతోంది. దాని పక్కన మండలం వారీగా మరో నాలుగు అంకెలు ఇవ్వాలి: 2.5 మిల్లీమీటర్లు, ఆపైన వాన పడిన రోజులు ఎన్ని, ఒక్క రోజులో పడిన గరిష్ఠ వర్షం ఎంత, వాన లేని అతి పొడవైన విరామం ఎన్నాళ్లు, ముప్పై ఏళ్ల మధ్యగతం ఎంత. గడిచిన ఏళ్లకు ఈ అంకెలు ఏటా సెప్టెంబరు ముగిసేలోగా గ్రామ సచివాలయాల్లో తెలుగులో అతికించి ఉంచాలి. తొలి వాయుగుండం వచ్చేలోపు ఏ చెరువు కట్టకు ముందుగా మట్టి వేయాలో, ఏ తూము బాగుచేయాలో ఊరివాళ్లూ ఇంజినీర్లూ కలిసి కూర్చుని తేల్చుకోవడానికి అప్పుడు వీలవుతుంది.