కార్డిఫ్ నిర్ణయాలకు కార్డిఫ్‌లోనే విచారణ జరగాలి

కరోనా కాలంలో సాధించినవాటిని, బ్రిటన్‌లో భాగమై కార్డిఫ్ రాజధానిగా నడిచే వేల్స్ ప్రభుత్వం ఎప్పుడు చెప్పుకున్నా, మా ప్రజలకు ఏది మంచిదో లండన్ చెప్పనవసరం లేకుండా మేమే తేల్చుకున్నామన్న ధ్వని అందులో వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. వేల్స్‌కు సొంత చట్టసభ ఉండాలా అన్న 1997 రెఫరెండంలో 6,721 ఓట్ల తేడాతో గట్టెక్కిన ఏర్పాటు ఇది. 1999 నుంచీ చట్టసభ నడుస్తున్నా, దాని చేతిలో ఏముందో ఇక్కడి మన తెలుగువాళ్లలో చాలామందికి 2020 దాకా పట్టలేదు. ఎవరు ఇల్లు దాటవచ్చో చెప్పేది బోరిస్ జాన్సన్ కాదు, అప్పటి వేల్స్ ఫస్ట్ మినిస్టర్ మార్క్ డ్రేక్‌ఫర్డ్ అని, ఇంగ్లండ్ నుంచి సెవర్న్ వంతెన దాటితే నిబంధనలే మారిపోతాయని అప్పుడే తెలిసింది.

2020 అక్టోబర్ 23న వేల్స్ 17 రోజుల లాక్‌డౌన్ పెట్టింది. అత్యవసరం కానివి అమ్మకూడదంటూ సూపర్ మార్కెట్లలో బట్టల అరలకు అడ్డంగా టేపులు కట్టించడం అతి అనిపించింది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. అయితే ఉద్యోగుల జీతాల సాయాన్ని కాస్త ముందుకు జరపమని కార్డిఫ్ అడిగితే ఒప్పుకోని లండన్ ఖజానా, పది రోజులైనా తిరగకముందే, ఇంగ్లండ్‌కు లాక్‌డౌన్ ప్రకటించిన రోజునే ఫర్లోను, అంటే పని ఆగిన ఉద్యోగుల జీతంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించే పథకాన్ని, పొడిగించింది. నిర్ణయం ఒకరిది, డబ్బు సంచి మరొకరి చేతిలో. మన భారతదేశంలో రాష్ట్రాల వాటా తేల్చడానికి రాజ్యాంగం 280వ అధికరణం కింద ఆర్థిక సంఘం ఉంది. సరిపోదని ఎంత వాదించుకున్నా అదొక రాజ్యాంగ సంస్థ. వేల్స్‌కు వచ్చే నిధులను లెక్కించే బార్నెట్ సూత్రానికి చట్టం అండ కూడా లేదు. కాబట్టి డబ్బు తన చేతిలో లేదన్న కార్డిఫ్ ఫిర్యాదును సాకుగా కొట్టిపారేయలేం.

మామూలు రోజుల్లో ఈ ప్రభుత్వానికి మంచి పేరే ఉంది. 2007లో మందుల చీటీలకు రుసుము ఎత్తివేసింది. 2011లో దుకాణపు సంచికి 5 పెన్నీల రుసుము పెట్టింది, 2015లో వద్దనకపోతే అవయవదానానికి సమ్మతి ఉన్నట్టే భావించే చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. చివరి రెండింటినీ తర్వాత ఇంగ్లండ్ కూడా అనుసరించింది.

ఇంత స్వతంత్రంగా వ్యవహరించానని చెప్పుకునే ప్రభుత్వం, కరోనా నిర్ణయాలపై వేల్స్‌కంటూ ప్రత్యేక విచారణ జరిపించడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు పదేపదే అడిగినా, మొత్తం బ్రిటన్‌కు వేసిన విచారణలో ఒక భాగం చాలునంది. ఆ భాగం 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని వారాలు కార్డిఫ్‌లో కూర్చుని ముగిసింది. ఆరోగ్యం విషయంలో ఇలాంటి అధికారాలే ఉన్న స్కాట్లండ్ తన విచారణ తాను వేసుకుంది. ఒప్పైనప్పుడు నిర్ణయం మాది, తప్పేమోనని అడిగితే అది అందరిదీ అనడం నాకు రుచించదు.

అడగవలసినవి చిన్న ప్రశ్నలు కావు. వృద్ధుల కేర్ హోముల్లో లక్షణాలు లేనివారికి సైతం పరీక్షలు చేస్తామని ఇంగ్లండ్ 2020 ఏప్రిల్ నెలాఖరున ప్రకటించగా, వేల్స్ అన్ని హోములకూ ఆ మాట చెప్పేసరికి మే సగమైంది. ఆ రెండు వారాల ఆలస్యానికి ఎవరి సలహా కారణం, ఆ సలహాను ఎవరు ప్రశ్నించారు, ఎవరు ఊరుకున్నారు అన్నది లండన్‌లో తేలే విషయం కాదు. ఆ ఫైళ్లున్నది కార్డిఫ్‌లో.